కూలర్ కింది పొర

ఆ కంప్యూటర్ మెకానిక్‌కి చెయ్యి ఎంత మంచిదో నోరు అంత చెడ్డది. ఎంబ్రాయిడరీ డిజైన్లు గీసే పక్కవీధి పిన్నిగారు, సిస్టమ్ మాటిమాటికీ ఆగిపోతోందని తెచ్చేసరికి, దుకాణంలో నలుగురి ముందే ఆవిడని దులిపేశాడు.

“ఎంత దుమ్మో చూడండి! ఇంట్లో పెట్టారా, చెత్తకుండీలో పెట్టారా? మీకెందుకండీ కంప్యూటర్లు?”

ఆవిడ తల వంచుకుని, అతను చేతికిచ్చిన టార్చిలైటు పట్టుకుంది.

దుమ్మంతా ఊదేసి, ప్రాసెసర్‌ని చల్లబరచడానికి దాని మీద బిగించిన కూలర్ మరలు విప్పి పైకి లేపాడు. లేపి గతుక్కుమన్నాడు. కూలర్ అడుగున పల్చటి ప్లాస్టిక్ పొర వేడికి ముడతలుపడి అతుక్కుని ఉంది. బిగించే ముందే పీకెయ్యాల్సిన పొర అది. అది అడ్డుంటే వేడి బయటికి పోదు, సిస్టమ్ ఆగిపోతుంది. పోయిన నెల ఆ కొత్త కూలర్ బిగించింది తనే. అప్పుడూ ఎవర్నో తిడుతూనే బిగించాడు.

పొరని పీకి పిడికిట్లో దాచబోయాడు. టార్చి వెలుగు సరిగ్గా దాని మీదే ఉంది.

“ఇదీ నేనే పాడుచేశానా బాబూ?” అని భయపడుతూ అడిగింది పిన్నిగారు.

నలుగురూ ఇటే చూస్తున్నారు. ‘కాదు, నేనే’ అనడానికి అంత పెద్ద నోరూ పెగల్లేదు.

“ఇకనుంచి రోజూ తుడుస్తాలే, కోప్పడకు” అందావిడ.