మనుబోలు దగ్గర గాలి మిషను

మనుబోలు దాటి నెల్లూరు వైపు పోయే హైవే పక్కన ముత్యాలయ్యకు పంక్చర్ షాపు ఉంది. పైన రేకులు, మూడు పక్కల తడికెలు, లోపల ఒక మూలన గాలి కంప్రెషర్. రోడ్డు వెడల్పు చేసినప్పుడు షెడ్డుకు నీడగా ఉన్న కానుగ చెట్టు కొట్టేశారు. అప్పటినుంచి ఎండాకాలం వచ్చిందంటే ముత్యాలయ్యకు గుండె దడే. కౌలుసేద్యంలో చేతులు కాల్చుకుని రోడ్డెక్కినవాడు. ఎండకు ఈ మిషను ఆగిపోతే చేసేదానికి ఇంకో పని తెలియదు.

పొద్దున్నే మిషను ట్యాంకు కింది కుళాయి తిప్పి లోపల పట్టిన నీళ్లు వదిలేవాడు. ఫిల్టర్ విప్పి దుమ్ము దులిపేవాడు. ఆయిల్ నల్లబడితే మార్చేవాడు. పొద్దెక్కేకొద్దీ మోటారు సెగలు కక్కేది. అప్పుడు షాపులో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ దాని వైపు తిప్పేవాడు. భార్య మస్తానమ్మ పక్కనే కూర్చుని, కొంగుతో విసురుకుంటూ ట్యూబులకు ప్యాచీలు వేసేది.

"దానికే పెట్టయ్యా. నాట్లేసిన ఒళ్లు, నాకేమవతాది?" అనేది.

ఆ ఏడు రోహిణి కార్తెలో సాయంత్రానికైనా రావలసిన సముద్రపు గాలి కూడా రాలేదు. ఒక మధ్యాహ్నం పోర్టు నుంచి వస్తున్న బొగ్గు లారీ ఒకటి షాపు ముందు ఆగింది. వెనక రెండు టైర్లు పోయాయి. డ్రైవరు చిన్నబాబు దిగుతూనే, "అన్నా, తొందరగా కానీ. లోడు దించాల" అన్నాడు.

మొదటి టైరు విప్పుతుండగా మస్తానమ్మ, "ఏమయ్యా, తల తిరగతా ఉండాది. ఇంటికి పోయి రోంతసేపు పడుకుంటా" అంది.

"ఈ రెండూ కానీమ్మే, పోదువుగానీ" అన్నాడు ముత్యాలయ్య. అతని చెవులు మిషను మీదే ఉన్నాయి. అది మూలుగుతోంది. రెండో టైరుకు గాలి పడుతుండగా టక్కున ఆగిపోయింది.

ముత్యాలయ్య పరుగున పోయి వెనక తడికె ఊడదీశాడు, ఫ్యాను దగ్గరికి జరిపాడు, ఎండ పడే వైపు తడిపిన గోనెపట్టా కట్టాడు. చిన్నబాబు నీళ్ల సీసా ఎత్తి, "పోసేదా?" అన్నాడు.

"వద్దన్నా! కాలిన మిషను హెడ్డు మీద నీళ్లు పడితే పగిలిపోతాది. దానంతట అది చల్లారాల."

మోటారు దగ్గర చెయ్యి పెట్టి చూస్తూ, తీస్తూ, జ్వరం బిడ్డ పక్కన కూర్చున్నట్టు కూర్చున్నాడు. చివరికి బటన్ నొక్కితే మిషను అందుకుంది. శబ్దం సాఫుగా వచ్చింది. "ఏమ్మే, గాలి పైపు అందుకో" అన్నాడు సంతోషంగా.

తిరిగి చూశాడు. మస్తానమ్మ పాత టైర్లకు ఆనుకుని, తల వాల్చేసి ఉంది. ముట్టుకుంటే నిప్పు. ఒంటి మీద చెమట చుక్క లేదు.

ఇద్దరూ కలిసి, షాపులో ఉన్న నీళ్లన్నీ ఆమె మీద కుమ్మరించారు. చిన్నబాబు రోడ్డుకు అడ్డం నిలబడి ఒక కారు ఆపాడు. గూడూరు ఆసుపత్రికి చేరేదాకా ముత్యాలయ్య ఆమె మొహాన తువ్వాలుతో విసురుతూనే ఉన్నాడు. డాక్టరు వడదెబ్బ అన్నాడు. పొద్దుగూకక ముందే ఆమె పోయింది.

కోవూరు నుంచి కూతురు సుప్రియ వచ్చింది. కర్మలయ్యాక, "నాయనా, మా ఇంటికి వచ్చేయ్. నీ అల్లుడు కూడా రమ్మనే అంటా ఉండాడు" అని బతిమాలింది.

"పడుకుంటానని అడిగిందమ్మా" అన్నాడు ముత్యాలయ్య. "నోరు తెరిచి అడిగింది. నేను మిషను మాట విన్నా."

సుప్రియ ఎంత ఏడ్చినా అతను కదల్లేదు. ఆమె బస్సెక్కిన మర్నాడు షాపు తెరిచాడు. మిషను తొలి నొక్కుకే అందుకుని, ఏ రోగమూ లేనట్టు తిరిగింది. అతను దాని ముందే కూర్చుండిపోయాడు. బయట ఎవరో హారన్ కొట్టారు, పిలిచారు, కాసేపు చూసి వెళ్లిపోయారు. ట్యాంకులో గాలి నిండి మోటారు దానంతట అదే ఆగింది. ముత్యాలయ్య లేవలేదు.