చుక్క పెట్టిన చోటు

డాక్టర్ అంకుల్ పోయారని అమ్మ ఫోన్ చేసి చెప్పింది. క్యారీ అనే ఊళ్లో మా పక్కింటాయన. పగలంతా ఆసుపత్రిలో మనసు బాగాలేనివాళ్లతో మాట్లాడి, సాయంత్రాలు పిల్లల కోసం తెలుగులో అంతరిక్షం కథలు రాసేవారు. మీలో కొందరు చిన్నప్పుడు అవి చదివే ఉంటారు. ఫోన్ పెట్టేసే ముందు అమ్మ ఇంకో మాట అంది. "నువ్వు మాట మానేసినప్పుడు ఆయనే కదే నిన్ను బాగుచేసింది!"

బాగుచేయడమా? నేను వెళ్లింది ఆయన కథలు చదివిపెట్టడానికి కదా?

డెబ్బైల చివర్లో, తొమ్మిదేళ్లప్పుడు ఈ దేశం వచ్చాను. స్కూల్లో నా ఇంగ్లిష్ విని నవ్వారు. దాంతో ఇంట్లో కూడా నోరు విప్పడం మానేశాను. ఒక శనివారం అంకుల్ పసుపు కాగితాల ప్యాడ్ పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డారు. "ఈ వీధిలో తెలుగు చదవగలిగిన పిల్లవి నువ్వొక్కదానివే. నాకు సాయం కావాలమ్మా" అన్నారు.

ఆయన పద్ధతి వేరు. శనివారాలు వాళ్లింటికి వెళ్తే చేతికి పెన్సిల్ ఇచ్చేవారు. విసుగొచ్చిన చోట చుక్క పెట్టాలి, అంతే. ఎందుకని అడగరు. "బాగుందా అంటే పిల్లలు మర్యాదకి అబద్ధం చెప్తారు. చుక్క చెప్పదు" అనేవారు. నేను చదువుతుంటే ఆయన కిటికీ దగ్గర వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, నన్ను చూడనట్టే కూర్చునేవారు. నేను పేజీ తిప్పడం ఆలస్యమైతే మాత్రం ఒలిచే చప్పుడు ఆగిపోయేది.

నాలుగో వారమో, ఐదో వారమో, కథలో శనిగ్రహానికి వెళ్తున్న పాప పెరుగన్నం తింటోంది. చుక్క పెట్టాను. అది చాలదనిపించింది.

"అంకుల్, స్పేస్‌షిప్‌లో పెరుగు ఎలా తోడుకుంటుంది?"

నా గొంతు విని ఆయన ఆశ్చర్యపోలేదు. పెరుగు గురించే ఆలోచనలో పడ్డారు. "ఏమోయ్, అంతరిక్షంలో పెరుగు తోడుకుంటుందంటావా?" అని వంటింట్లోకి కేకేశారు.

"ఈ క్యారీలోనే తోడుకోవట్లేదు! ముందు ఆ హీటర్ పెంచండి" అంది ఆంటీ.

కాలేజీలో చేరాక, రెండుసార్లు మేజర్ సబ్జెక్టు మార్చి మూడోదాని గురించి ఆలోచిస్తున్న రోజుల్లో ఆయన్ని అడిగాను. "మీ పేషెంట్ల కథలు రాయరేం అంకుల్?"

"అవి వాళ్లవమ్మా. నావి రాసుకోవడానికే టైం చాలట్లేదు."

మరి నేనెవరిని? ఆ శనివారాలన్నీ వైద్యమేనా? నా చుక్కలు ఆయనకి రోగలక్షణాలా? అమ్మ ఫోన్ పెట్టేశాక, ఆ అనుమానంతోనే నాలుగు గంటలు డ్రైవ్ చేసుకుంటూ క్యారీలో ఆంటీ దగ్గరికి వెళ్లాను. సూటిగా అడిగేశాను.

"నేను అంకుల్ పేషెంట్‌నా?"

"నాకేం తెలుసే? ఆసుపత్రి సంగతులు ఆయన నాకెప్పుడైనా చెప్పారా? పేషెంట్ల కాగితం ముక్క ఒక్కటీ ఈ గడప దాటి లోపలికి రానివ్వలేదు" అంటూ ఆంటీ అల్మారాలోంచి ఓ అట్టపెట్టె తీసి నా ఒళ్లో పెట్టింది.

ఆ పెట్టె నిండా పసుపు ప్యాడ్‌లు. నా చుక్కలున్న కాగితాలు ఇన్నేళ్లూ ఆ ఇంట్లోనే ఉన్నాయి. చుక్క పెట్టిన ప్రతిచోటా ఆయన వాక్యాలు కొట్టేసి మళ్లీ రాశారు, కొన్నిచోట్ల మూడేసి సార్లు. అమ్మ మాట అబద్ధమని అనను. కానీ ఆ గదిలో దిద్దుకున్నది నేనొక్కదాన్నే కాదు.

పెరుగు పేజీ వెతికాను. కొత్త వాక్యాల్లో పాప గిన్నెకి శాలువా చుట్టి, ఒళ్లో పెట్టుకుని, కిటికీ పక్కన కూర్చుంది. బయట శనిగ్రహం వలయాలు. మాటిమాటికీ మూత తీసి చూస్తోంది. ఇంకా తోడుకోలేదు.