విడుదల కాని సినిమాలో నా పాట

మొన్న ఆదివారం భోజనాలయ్యాక నేను చింతపండులో గింజలు తీసుకుంటూ కూర్చుంటే, పదో తరగతి చదువుతున్న మనవరాలు ఫోను తెచ్చి నా ముక్కు ముందు పెట్టి, అమ్మమ్మా ఇది చూడమంది. చూస్తే నలుగురు జపాను పిల్లలు ఒక ఇరుకు గదిలో వాయిద్యాలు ముందేసుకుని వాయిస్తున్నారు. అందులో కళ్లజోడు పెట్టుకున్న ఒక బక్కపలచని అమ్మాయి కీబోర్డు ముందు కూర్చుని, తల కూడా ఎత్తకుండా తన లోకంలో తాను వాయించుకుంటూ పోతోంది. ఆ బృందం పుట్టుపూర్వోత్తరాలన్నీ మనవరాలికి కంఠతా వచ్చు. వీళ్లకు బొమ్మల సినిమాల పాటలన్నా, వీడియో గేముల్లో వచ్చే సంగీతమన్నా పిచ్చట, అట్లాంటి పిచ్చి ముదిరిన వాళ్లను అక్కడ ఒటాకులంటారట, ఆ పిచ్చే వీళ్లను ఒక చోటికి చేర్చిందట. మొదట్లో ఆ పాటలే వాయించుకుని, తర్వాత సొంతంగా పాటలు కట్టి, ఏ కంపెనీ గడపా తొక్కకుండా సీడీలు తామే చేసుకుని, తమలాంటి వాళ్లంతా కలిసే సంతలో బల్ల వేసుకుని అమ్ముకున్నారట. ఈ పాట కట్టిందెవరే అని అడిగితే, ఆ కళ్లజోడు అమ్మాయేనని, అట్ట మీద పేరు కూడా ఉందని చెప్పింది.

నాకు కడుపు మండింది. అరవైకి దగ్గరపడిన మనిషి ఊరూ పేరూ తెలియని పిల్లను చూసి కుళ్లుకోవడమేమిటని మీరనుకోవచ్చు. అనుకోండి. నా ఈడు వాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, అట్లా అనుకోరని నా నమ్మకం.

మా చిన్నతనంలో, నరసరావుపేటలో, జపాను అంటే మాకు తెలిసింది మా నాన్న మద్రాసు నుంచి తెచ్చిన టేప్ రికార్డరు ఒక్కటే. నాన్నకు ఒక లారీ ఉండేది, దాచేపల్లి వైపు నుంచి నాపరాళ్లు వేసుకుని దూరాభారాలు తిరిగేవాడు. ఎవరు ఇంటికొచ్చినా ఆ రికార్డరును తిరగేసి, అడుగున ఉన్న జపాను పేరు చూపించి గాని మంచినీళ్లు ఇవ్వనిచ్చేవాడు కాదు. మా ఇంట్లో ఇంకొక సొత్తు మా తాత హార్మోనియం పెట్టె. తాత పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవాడు, ఆయన పోయాక దాని మీద గుడ్డ కప్పి మూలన పెట్టారు. చిన్నప్పుడు తాత ఒళ్లో కూర్చుని ఆయన వేళ్లు చూసి నేర్చుకున్నదే నా విద్య, వేరే గురువు లేడు.

ఎనభైల్లో క్యాసెట్లు వచ్చి ఊళ్లను ఎట్లా పట్టుకున్నాయో మీకు నేను చెప్పాలా? మా అన్నయ్య, వాడి స్నేహితులు ముగ్గురు, స్టేషను దగ్గర క్యాసెట్ల కొట్టును అంటిపెట్టుకుని ఉండేవాళ్లు. కొట్టు నడిపే ఆయన మాకు చుట్టం కాకపోయినా అందరం బాబాయి అనేవాళ్లం. ఆ కొట్లో వాళ్లకొక పందెం ఉండేది. బాబాయి పాట మొదట్లో వచ్చే సంగీతం నాలుగు చుక్కలు వినిపించి ఆపేస్తాడు, అది ఏ సినిమాలోదో, ఏ పాటకు ముందుదో చెప్పాలి. అన్నయ్యకు అందులో ఎదురులేదు. అయితే వాడు చెప్పగలడే గాని వాయించలేడు. రికార్డరు వెనక్కీ ముందుకీ తిప్పి, పాట నడుమ వచ్చే బిట్లు విని, తాత పెట్టె మీద పట్టి వాడికి నేర్పేది నేను. వాడు నేర్చుకుపోయి మిగతా ముగ్గురికీ నేర్పేవాడు. అట్లా ఆ పాటల పిచ్చివాళ్లు నలుగురూ కలిసి, ఒకడు ఢోలక్, ఒకడు గిటారు, ఒకడు డ్రమ్ములు, అన్నయ్య హార్మోనియం పట్టుకుని ఆర్కెస్ట్రా పెట్టారు. ఆర్కెస్ట్రా మా వసారాలో పుట్టిందని నేనంటే, కొట్లో పుట్టిందని వాడనేవాడు.

నేనూ వస్తానంటే నాన్న ఒప్పుకోలేదు. తాత స్టేజీ పక్కన కూర్చుని వాయిస్తే అది గౌరవం, మనవరాలు కూర్చుంటే అప్రతిష్ఠ. మా పెట్టె మాత్రం అన్నయ్య వెంట స్టేజీ ఎక్కేది. ఆడగొంతు కావాల్సి వచ్చినప్పుడు చిలకలూరిపేట నుంచి ఒక గాయనిని పిలిపించేవాళ్లు. పట్టుచీర కట్టుకుని, కనకాంబరాలు పెట్టుకుని, ప్రాక్టీసుకు నేరుగా మా ఇంటికే వచ్చేది. మా అమ్మ ఆమెకు కాఫీ ఇచ్చి, నన్ను బయటి వాళ్ల ముందు ఎక్కువసేపు నిలబడవద్దని లోపలికి పంపేది. ఆమె గొంతు బాగాలేదందామంటే బాగుంది. నడత బాగాలేదందామంటే నన్ను చెల్లీ చెల్లీ అని నోరారా పిలిచేది. అసూయపడేవాళ్లకు అంతకంటే పెద్ద కష్టం లేదు.

ఒక వేసవిలో అన్నయ్య ఊళ్లో లేని రోజులు చూసుకుని నేనొక వరస కట్టాను. ఎవరి పాటా కాదు, మాటలు కూడా లేవు, ఊరికే వేళ్లకు వచ్చింది. వాడొచ్చి గుమ్మంలో నిలబడి విన్నాడు. ఏ బిట్టయినా నాలుగు చుక్కల్లో చెప్పేవాడు, మొదటిసారి తెల్లమొహం వేశాడు.

“ఏమే, ఏ పాటలోదే ఇది?”

“ఏ పాటలోదీ కాదు. నేనే కట్టా.”

ముందు నవ్వాడు. ఆ తర్వాత మళ్లీ వాయించమన్నాడు, మూడోసారి వాయించేసరికి పెట్టె తన ముందుకు లాక్కున్నాడు. మాచవరంలో మా మేనత్త కూతురి పెళ్లికి ఆర్కెస్ట్రా ఒప్పుకున్నారు కాబట్టి, అందులో దీన్ని ఆలాపనగా పాడిద్దామని, పాడాక ఇది మా చెల్లి కట్టిందని నా పేరు మైకులో చెప్తానని తనంతట తానే మాటిచ్చాడు. నాన్న కోప్పడడా అంటే, అంతమంది చప్పట్లు కొడితే నాన్న కూడా కొడతాడన్నాడు. గాయనికి ఆ వరస నేర్పింది నేనే. ఒక్క పూటలో పట్టేసింది, అదీ నాకు కంటగింపే.

పెళ్లి పగటి ముహూర్తం. నేను కొత్త లంగా ఓణీ వేసుకుని ఆడవాళ్ల మధ్య కూర్చున్నాను గాని, వధువు మెడలో తాళి ఎప్పుడు పడిందో కూడా చూడలేదు, నా చెవులన్నీ మైకు మీదే. భోజనాలు మొదలయ్యాక గాయని లేచి నా వరస అందుకుంది. పందిట్లో పిల్లల ఏడుపులు, విస్తళ్ల చప్పుడు ఉన్నట్టుండి తగ్గాయి. వడ్డించే వాళ్లు సాంబారు బకెట్లతో నిలబడిపోయారు. అయిపోగానే మళ్లీ పాడమన్నారు, మళ్లీ పాడింది. ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు చెప్తాడని ఓణీ సర్దుకున్నాను. అప్పుడు పెళ్లికొడుకు పెదనాన్న, ఊళ్లో రాజకీయాలు నడిపే పెద్దమనిషి, చెయ్యి కడుక్కుంటూ స్టేజీ దగ్గరికొచ్చాడు.

“ఒరేయ్ అబ్బాయ్, చానా బాగుందిరా. ఏ సినిమాలోదిరా ఇది?”

అన్నయ్య నా వైపు చూశాడు, నాన్న వైపు చూశాడు, మైకు అందుకున్నాడు.

“ఇంకా రిలీజు కాలేదు పెదనాన్నా. రాబోయే సినిమాలోది.”

అందరూ చప్పట్లు కొట్టారు. నాన్న కూడా కొట్టాడు. ఇంటికొచ్చాక నేను అన్నం మానేసి పడుకుంటే అన్నయ్య వచ్చి, “ఇంట్లో ఆడపిల్ల కట్టిందంటే ఎవరింటారే? సినిమాలోదంటేనే చెవిన పెడతారు,” అన్నాడు. వాడన్నది అబద్ధం కాదు, అందుకే నాకు ఇంకా మంట. సినిమా లేకుండా పాట ఉంటుందని ఆ రోజుల్లో మావైపు ఎవరికీ తోచేది కాదు, ఊరి పేరు లేని బస్సు ఎవరూ ఎక్కనట్టే.

అక్కడితో అయిపోయిందా అంటే లేదు. మాచవరం వాళ్లు నరసరావుపేట వచ్చి బాబాయి కొట్లో ఆ రాబోయే సినిమా క్యాసెట్టు అడిగారు. బాబాయి ఆర్కెస్ట్రాను కూర్చోబెట్టి రికార్డు చేసి, అట్ట మీద రాబోయే చిత్రం అని రాసి అమ్మాడు. ఆ పాట పుణ్యమా అని అన్నయ్య వాళ్లకు మాచర్ల నుంచి ధరణికోట దాకా పిలుపులొచ్చాయి. కొత్త సినిమా పడ్డప్పుడల్లా కుర్రాళ్లు వెళ్లి చూసి, ఇందులో కూడా లేదురా అని విసుక్కుంటూ వచ్చేవాళ్లు. మా పక్కింటి అత్తయ్య అయితే, ఆ పాట ఉన్న సినిమా వస్తే తోడు రమ్మని నన్నే అడిగింది. వస్తానన్నాను, ఏం చెప్పను మరి? గాయని మీద ఉన్న కుళ్లంతా మెల్లగా ఆ లేని సినిమా మీదికి మళ్లింది. మనిషి మీద అసూయపడితే ఆ మనిషికి ఏదో ఒకరోజు జలుబైనా చేస్తుంది, ఆ సినిమాకు అదీ లేదు, ఊరంతా దాని కోసం ఎదురుచూడటమే.

తర్వాత నాకు గురజాల సంబంధం కుదిరింది, అన్నయ్య దాచేపల్లిలో సిమెంటు ఫ్యాక్టరీ ఉద్యోగంలో చేరాడు, ఆర్కెస్ట్రా చెదిరిపోయింది. గాయని ఏమైందో తెలియదు. తాత పెట్టెకు చెదలు పట్టిందని అమ్మ చెప్పింది.

మనవరాలు ఆ జపాను పాట వినిపించిన వారంలోనే నేను అన్నయ్యను చూడటానికి వెళ్లాను. పదవీ విరమణ చేసి హాయిగా ఉన్నాడు, జ్ఞాపకం చెక్కుచెదరలేదు, పాత సినిమాల బిట్లు ఇప్పటికీ ఇట్టే చెప్తాడు. కాఫీ తాగుతూ మాటల్లో మాటగా నా వరస కూనిరాగం తీసి, ఇది గుర్తుందా అన్నాను. వాడి మొహం వెలిగింది. ఎందుకు గుర్తులేదూ, మనకు పేరు తెచ్చిన పాట గదా అన్నాడు. ఇన్నేళ్లకైనా నువ్వు కట్టిందే గదా అంటాడేమోనని నేను ఇంకా చూస్తున్నాను.

“పాపం, ఆ సినిమానే ఆడలేదమ్మాయ్. మాచర్లలో వారం తిరక్కుండానే ఎత్తేశారు. నేను చూశా.”

వేళాకోళం కాదు, వాడి కళ్లలో నవ్వు లేదు. అదే మాట పది ఊళ్లలో, వంద స్టేజీల మీద చెప్పీ చెప్పీ వాడికే నిజమైపోయింది. హీరోయిన్ కృష్ణలో పడవ మీద పోతుంటే వెనక ఆ ఆలాపన వస్తుందన్నాడు.

ఇప్పుడు కాలం మారింది. పాట వింటే ఏ సినిమాలోదని కాక ఎవరు కట్టారని అడిగే పిల్లలు వచ్చారు, ఆ అడగడం నలభై ఏళ్లు ఆలస్యంగా మా ఇంటికి వచ్చింది. నేనది నాదేరా అని అన్నయ్యతో అనబోయి ఆగాను. పడవలో అమ్మాయి ఎట్లా ఉంటుందని మాత్రం అడిగాను. తెల్లచీర కట్టుకుని, ఎవరినీ పట్టించుకోకుండా నీళ్లలో చెయ్యి పెట్టి కూర్చుంటుందని, చానా బాగుంటుందని చెప్పాడు.