అవ్వకు నేను వేసిన గుండ్లపేరు

గల్ఫ్‌లో నాకు బొమ్మలు గీయడం నేర్పినాయన ఫిలిప్పీన్స్ మనిషి. నేర్పాడని ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. అప్పటికే కరీంనగర్‌లో నేను పేరున్న పెయింటర్‌నని నా నమ్మకం మరి. దుకాణాల బోర్డులు రాసేవాణ్ణి. అంతకంటే ఎక్కువగా చనిపోయినవాళ్ల బొమ్మలు వేసేవాణ్ణి. ఎవరైనా పోతే ఇంటివాళ్లు పాస్‌పోర్ట్ సైజు ఫొటో పట్టుకొచ్చేవారు. దాన్ని పెద్దది చేసి, నలుపుంటే తెలుపు చేసి, ముడతలు తీసేసి, అంగీ మీద కోటు తొడిగి ఇచ్చేవాణ్ణి. బతికినన్నాళ్లూ కోటు మొహం చూడని రైతు దినాలనాటికి వకీలు సాబు అయిపోయేవాడు. ఇంటివాళ్లు కళ్లు తుడుచుకుంటూనే మురిసిపోయేవారు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని మూతపడ్డాక నేనూ అందరిలాగే గల్ఫ్ దారి పట్టాను. వీసా కోసం అవ్వ, అంటే మా అమ్మ, తన మెడలోని బంగారు గుండ్లపేరు అమ్మింది.

అక్కడ ఆ ఫిలిప్పీన్స్ సారుదీ నాదీ ఒకటే పని. పార్కింగ్ స్థలాల్లో నేల మీద పసుపు గీతలు, బాణాలు వేయడం. ఆయనకు యాభై దాటాయి. తన దేశంలో సముద్రం పక్కన ఏదో ఊళ్లో ఇరవై ఏళ్లు డ్రాయింగ్ సారుగా చేశాడట. ఇద్దరు కూతుళ్లను నర్సు చదువు చదివించడానికి ఆ బడి వదిలి వచ్చాడు. అంతటి మనిషి ఎండలో బాణాలు వేస్తుంటే నాకు జాలేసేది. ఆయనకు మాత్రం వేసేది కాదు. బాణాన్ని కూడా రెండడుగులు వెనక్కి వేసి, తల వంచి, సరిగ్గా వచ్చిందా లేదా అని చూసుకునేవాడు.

శుక్రవారం భోజనాలయ్యాక క్యాంపు మెస్సులో బల్లలు తుడిచి క్లాసు పెట్టేవాడు. నేపాలీలు, బెంగాలీలు, మావాళ్లు కొందరు కూర్చునేవారు. అట్టపెట్టెలు కోసుకుంటే అవే కాగితాలు. మొదటి పాఠం, ఎవరి ఎడమ చేయి వాళ్లు గీయడం. ఆరు శుక్రవారాలు అదే పాఠం. దేవుళ్లనే వేసినవాణ్ణి, నాకా ఇది, తాతకు దగ్గులు నేర్పుతున్నాడని నవ్వుకున్నాను. రెండు నిమిషాల్లో చేయి గీసి ముందు పెట్టాను. ఆయన బొమ్మ చూసి, తర్వాత నా చేయి పట్టుకుని అటూ ఇటూ తిప్పి, వచ్చీరాని హిందీలో, “ఇది చేయే. కానీ నీ చేయి కాదు” అన్నాడు. నాకు ఒళ్లు మండి రెండు వారాలు అటు పోలేదు. మూడో వారం పోయి కూర్చుని, మొదటిసారి నా చేతిని నేను చూసుకున్నాను. చిన్నప్పటి కొడవలి గాటు ఇంకా అక్కడే ఉంది.

ఆయన తన బొమ్మలేవీ దాచుకునేవాడు కాదు. ప్లైవుడ్ ముక్కల మీద వేసి, ఎవరి ముఖం వాళ్లకే ఇచ్చేసేవాడు. ఒకరోజు నేను అవ్వతో వీడియో కాల్ మాట్లాడుతుంటే వెనక నిలబడి చూసి, ఈమెను వేస్తానన్నాడు. నాలుగు శుక్రవారాలు ఫోనును నీళ్ల గ్లాసుకు ఆనించి వేశాడు. అక్కడ ఇంట్లో అవ్వ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ కూర్చునేది. “అన్నం తిన్నవా బిడ్డా?” అని ఆయన్ని తెలుగులోనే అడిగేది. “తిన్న అవ్వా” అనడం ఆయన నేర్చుకున్నాడు. ఆయనకు వచ్చిన తెలుగంతా అదే.

బొమ్మ పూర్తయింది. నల్లటి ముఖం, పళ్లు ఊడిన వైపు లోపలికి పోయిన చెంప, తంబాకు పట్టి పసుపెక్కిన వేళ్లు, బోసి మెడ. ఆ మెడను నేను ఎక్కువసేపు చూడలేకపోయాను.

సెలవు మీద వస్తూ దాన్ని కంబళిలో చుట్టి తెచ్చాను. అవ్వ బొమ్మను మోకాళ్ల మీద పెట్టుకుని చెంపనూ మెడనూ వేలితో తడిమి చూసింది. నచ్చలేదేమోనని నాకు భయం వేసింది.

“నన్ను గింతసేపు ఎవ్వలు సూడలే బిడ్డా. మీ బాపు సుత సూడలే” అంది.

మంచానికి ఎదురుగా మేకు కొట్టించి తగిలించుకుంది. తర్వాత కొన్నాళ్లకు సారు తన దేశం పోయాడు, మళ్లీ పిల్లలకు నేర్పుతున్నాడని విన్నాను. నేనూ ఇంటికి వచ్చేశాను.

రెండేళ్ల కింద అవ్వ పోయింది. ఇచ్చోడలో ఉండే అక్క వచ్చింది. దినాలకు పెట్టడానికి మంచి ఫొటో ఒక్కటీ దొరకలేదు. సారు వేసిన బొమ్మ తెచ్చి ముందు పెట్టాను. అక్క దాన్ని చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“గింతమంది సుట్టాలల్ల అవ్వను గరీబుదాని లెక్క కూసోవెడ్తవా తమ్మీ? మెడల ఉన్నది అమ్ముకున్నది నీకోసమే గద” అంది.

అక్క అబద్ధమేమీ ఆడలేదు. అందుకే ఆ మాట నా గుండెల్లో దిగింది. బొమ్మను వాకిట్లోకి తీసుకుపోయి పాత ఎనామెల్ రంగు డబ్బాలు తెరిచాను. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి అయిపోయింది. చేయి ఆ పాత విద్య మరవలేదు. నలుపు తెలుపైంది. చెంప నిండింది. వేళ్లు కొంగు కిందికి పోయాయి. ఆకుపచ్చ పట్టుచీర వచ్చింది. చివరగా మెడలో గుండ్లపేరు వేసి, ఒక్కో గుండు మీద ఒక్కో తెల్లచుక్క మెరుపు పెట్టాను. అవ్వ రుణం తీరిపోతోందన్నంత సంతోషపడ్డాను. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం. దినాలనాడు చుట్టాలంతా మెచ్చుకున్నారు. అక్క ఏడుస్తూ నా తల నిమిరింది.

అందరూ వెళ్లాక, దండ వాడిపోతే తీసేసి ఎదురుగా కూర్చున్నాను. గోడ మీద ఎవరో షావుకారి భార్య ఉంది. గుడ్డకు టర్పెంటైన్ పట్టించి చెంప మీద రుద్దాను. నా రంగుతో పాటు సారు రంగు కూడా లేచి చెక్క బయటపడింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం. ఆ మచ్చను మళ్లీ నేనే కప్పేశాను. ముందే ఫొటో తీసుకోలేదా అంటారు. గోడ మీద బొమ్మే ఉండగా ఫొటో ఎందుకనుకున్నాను. ఇప్పుడు కళ్లు మూసుకుని అవ్వను తలుచుకుంటే నేను వేసిన ముఖమే వస్తుంది. అసలు ముఖం రావడం లేదు.

పోయిన ఎండాకాలం సారు పెద్దకూతురు ఫోనుకు మెసేజ్ పెట్టింది. సారు చనిపోయాడట. ఆయన పనిచేసిన బడిలో ఆయన బొమ్మల ఫొటోలు పెడుతున్నారట, ఎక్కడెక్కడి వాళ్ల దగ్గరో ఉన్నవి అడిగి తెప్పిస్తున్నారట. మీ అమ్మ బొమ్మ గురించి నాన్న తరచూ చెప్పేవాడు, తను ఒక మనిషిని నిజంగా చూసి వేసింది అదొక్కటే అనేవాడు, దాని ఫొటో తప్పకుండా పంపండి అని రాసింది.

జరిగింది రాయాలని రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ చెరిపేశాను. నాలుగో రోజు గోడ మీది బొమ్మకు ఫొటో తీసి పంపాను. దానితో పాటు ఒక్క మాట కూడా రాయలేదు.

కొన్నాళ్లకు ఆమె బడి గోడ ఫొటో పంపింది. వరసగా ముఖాలు. నేపాలీ ముసలాయన, కన్ను సగం మూసుకున్న బెంగాలీ వంటవాడు, అందరూ ఎలా ఉండేవాళ్లో అలాగే ఉన్నారు. మధ్యలో పట్టుచీరలో మెరిసిపోతూ మా అవ్వ, కింద సారు పేరు. పిల్లలందరికీ అదే ఎక్కువ నచ్చిందని, రోజూ దాని ముందు కూర్చుని చూసి గీస్తున్నారని రాసింది. నేను దండం పెట్టే గుర్తు ఒకటి పంపి ఊరుకున్నాను.