వానకు ముందు గంటన్నర

మార్చి ఆఖరు వారం, పొద్దున ఆరున్నర. జీపు నన్ను కొండ కింద దింపి తిరిగిపోయింది. పైకి నాలుగు కిలోమీటర్ల నడక. వీపు మీద వాకీటాకీ, రెండు బ్యాటరీలు, మూడు రోజుల బియ్యం. చేతుల్లో రెండు నీళ్ల క్యాన్లు. కాళ్లకు నా పాత పట్టాళం బూట్లు.

పట్టాళంలో సిగ్నల్స్‌లో పదిహేడేళ్లు చేశాను. హవల్దారుగా బయటికొచ్చాను. జమ్మలమడుగులో మావాళ్లు నన్ను మంచుకొండల గురించి అడుగుతారు. చర్చి అయిపోయాక మెట్ల మీద నిలబెట్టి సరిహద్దు కథలు చెప్పమంటారు. చెబుతాను. అటవీ శాఖలో ఈ మూడు నెలల డ్యూటీ గురించి మాత్రం ఎవరూ అడగరు. కొండ మీద మంటలు కాపలా కాయడం కూడా ఒక డ్యూటీయేనా అనుకుంటారు.

మా మకాం జమ్మలమడుగుకూ పులివెందులకూ నడుమ ఉన్న కొండల్లో ఒక గుట్ట నెత్తిన రేకుల గది. ఉత్తరాన పెన్న ఇసుక కనిపించేది. తూర్పున మసకలో ప్రొద్దుటూరు. దక్షిణాన పులివెందుల దిక్కు చీనీతోటల పచ్చదనం. వాటి నడుమంతా బోదగడ్డి. నడుమెత్తు పెరిగి, ఎండి, గాలికి గలగలమనేది. మధ్యాహ్నం రెండుకు థర్మామీటరు నలభై ఒకటి చూపించేది.

నాతో పాటు వాచర్ ఉండేవాడు. అరవైకి దగ్గర మనిషి, పులివెందుల పక్క పల్లె. ఇరవై ఎండాకాలాలు ఈ కొండల్లోనే గడిపాడు. ఇద్దరు కూలీలు. ప్రొద్దుటూరు ఆఫీసులో వైర్‌లెస్ సెట్టు మీద ఒక ఆపరేటరమ్మ. కింద నీళ్ల ట్యాంకరు నడిపే డ్రైవరు. పైన పెత్తనం నాది.

ముఖ్యమైన పని ఫైర్ లైను. వాలుకు అడ్డంగా గడ్డి కోసి, ఊడ్చి, బోడి నేల మిగల్చడం. మంట అక్కడిదాకా వచ్చి, తినడానికేమీ లేక ఆగిపోవాలి.

పన్నెండో రోజు పొద్దున ఎనిమిదికి ఆపరేటరమ్మ వాతావరణం చదివింది.

"ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో సాయంత్రం అక్కడక్కడా ఉరుములతో జల్లులు. పిడుగులు పడొచ్చు. వాన పడేదాకా అడవి మంటల ముప్పు ఎక్కువ. ఓవర్."

మొత్తం పుస్తకంలో రాసుకున్నాను. జల్లులు అన్న మాట కింద గీత గీశాను.

రెండున్నరకు పడమర మబ్బు లేచింది. వాచరూ కూలీలూ కింద ఎండిపోయిన వంక అంచున లైను కోస్తున్నారు. ఆరుబయట పిడుగు పడితే మనుషులు పోతారు. సరిహద్దు కొండల్లో ఇద్దరిని అలా పోగొట్టుకున్నాం. సెట్టు తీశాను; వాచర్ దగ్గర ఇంకొకటి ఉంది.

"మామా, పని ఆపి పైకి గదిలోకి రండి. పిడుగులు పడతాయంట."

"వంక దగ్గర అరవై అడుగులు మిగిలిందప్పా. ఇంకో గంట. ఈ కాలం మబ్బును నమ్మేది లేదు. ఉరుముతాది, పడదు."

"వాన వస్తాందని చెప్పినారు. రమ్మన్నా గదా."

"వస్తాండాం," అన్నాడు.

అదే సమయానికి ఓబులమ్మ గుట్ట అంచున మేకలు మేపుతోంది. కింది పల్లె మనిషి. అరవై రెండు మేకలు. రోజూ మాకు ఒక చెంబు పాలు పోసి పోయేది. నేనే పోయి చెప్పాను.

"అక్కా, ఈడ నిలబడొద్దు. మేకల్ని వంకలోకి దించు."

"వంకలో మేపేముందప్పా?"

"మేపు కాదు, ప్రాణం చూసుకో. వాన పడితే రేపటినుంచి అంతా మేపే."

నా బూట్ల వైపు చూసింది. పట్టాళం మనిషి చెబుతున్నాడనుకుందేమో. మేకల్ని అదిలించి దిగిపోయింది.

నాలుగూ పదికి పడమటి మిట్ట మీద పిడుగు పడింది. ఒక్కటే. చినుకు లేదు. రెండు నిమిషాలకు దారమంత తెల్ల పొగ. గాలి మావైపు తిరిగింది. నాలుగూ ఇరవైకి అది మంటల గోడ.

"ప్రొద్దుటూరు, ఇది గుట్ట. పడమటి వాలులో మంట. గాలి మావైపు. ట్యాంకరు పంపండి. ఓవర్."

"అందింది సార్. ట్యాంకరు జమ్మలమడుగులో ఉంది. నలభై నిమిషాలు. ఆడ వాన పడతాందా? ఓవర్."

"లేదు. ఓవర్."

మంట లైను దాకా వచ్చి కూలబడింది. వాచర్ పనితనం అది. లైను పొడుగునా పక్కకు పాకింది. తర్వాత ఆ అరవై అడుగులు దానికి దొరికాయి. అక్కణ్ణుంచి, ఓబులమ్మ ఉన్న వంకలోకి దిగింది.

వాచర్ గోనెసంచి నీళ్లలో ముంచి భుజాన వేసుకున్నాడు. నేనూ లేచాను.

"నువ్వు సెట్టు కాడ ఉండప్పా. పైనుంచి చూసి దోవ చెప్పాల. కింద నాకేం కనపడదు."

నన్ను ఒక్క మాట కూడా అనలేదు. దిగాడు.

"మామా, ఎడమకు. కుడివైపు మూసుకుంది."

"యాడ?"

"నల్లబండ పక్కన సందుంది. ఆమె ఆ బండ కింద ఉంది. మెల్లిగా గాదు, పరిగెత్తు."

తర్వాత పదకొండు నిమిషాలు జవాబు లేదు. పట్టాళంలో ఇంతకంటే ఎక్కువసేపు జవాబు కోసం కాచుకున్నాను. అప్పుడు ఇలా నిమిషానికోసారి మీట నొక్కి పిలవలేదు.

నాలుగూ యాభైకి పొగలోంచి ఇద్దరూ వచ్చారు. గోనెసంచి ఆమె మీద ఉంది. ఆయన చేతులు మోచేతుల దాకా కాలి ఉన్నాయి. ఓబులమ్మకు జుట్టు చివర్లు కమిలాయి, అంతే.

"నా మేకలప్పా?" అంది.

నేను సెట్టు వైపు చూశాను.

ట్యాంకరు కొండ ఎక్కలేదు. డ్రైవరూ కూలీలూ పచ్చికొమ్మలతో కొట్టి, కింది బండిదారి దగ్గర మంటను ఆపారు. అయిదూ నలభైకి వాన పడింది. పన్నెండు నిమిషాలు.

రెండు రోజుల తర్వాత రిపోర్టు కాగితం పట్టుకుని ఆస్పత్రికి పోయాను. వాచర్ రెండు చేతులకూ కట్లు. మంటకు కారణం అని ఒక గడి ఉంది.

"పిడుగు పడింది. అదే రాయి," అన్నాడు.

"లైను ఆపించింది నేను మామా. ఆమెను దించింది నేను."

"రాస్తే నా చేతులొస్తాయా ఏంది? ఆపమంటే ఆపినా. నేనూ ఆపకుండా ఉండాల్సింది." గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

పిడుగు అని రాశాను. అబద్ధం కాదు. కింద ఇంకా చాలా ఖాళీ ఉంది. అలాగే వదిలి సంతకం పెట్టాను.

జూన్‌లో డ్యూటీ ముగిసింది. జీపు మా వీధి మొదట్లో దింపింది. ఇంట్లోవాళ్లు మంచుకొండల నుంచి వచ్చినప్పటిలాగే నీళ్లు తోడిపెట్టారు. మొదటి వాన పడి మట్టి వాసన లేస్తే మా వీధిలో అందరూ వాకిళ్లలోకి వస్తారు. నన్నూ పిలుస్తారు. నేను పోను.

పిడుగు పడిన ఆ సాయంత్రం, వానలో ఓబులమ్మ మళ్లీ వంకలోకి దిగింది. ఎవరమూ ఆపలేకపోయాం. కాలిన రాళ్ల మీద చినుకులు చుయ్‌మంటున్నాయి. ఆమె పడి ఉన్న ఒక్కో మేక దగ్గర గొంతుక్కూర్చుని, చెవి ఎత్తి చూసి, పేరు పెట్టి పిలుస్తోంది. చుక్కా. గౌరీ. బుడ్డోడా. జవాబు రాకపోతే చెవిని మెల్లిగా కింద పెట్టి పక్కదాని దగ్గరికి పోతోంది. నేను పైన నిలబడి చూస్తున్నాను. చేతిలో సెట్టు మాట్లాడింది.

"గుట్ట, గుట్ట. వాన పడిందా సార్? ఓవర్."

మీట నొక్కాను.

"పడింది," అన్నాను. ఓవర్ అనడం మరిచిపోయాను.