సాక్ష్యం తర్వాతి సోమవారం

మా సంఘం కూడుకునేది అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్ మూడో అంతస్తులో. వారమంతా అక్కడ జావా నేర్పుతారు, ఆదివారం పొద్దున వాక్యం చెబుతారు. శనివారం బోర్డు మీద రాసిన ప్రోగ్రాం తుడవకుండానే పాస్టరుగారు దాని ముందు నిలబడి ప్రసంగించిన రోజులున్నాయి. అదే సెంటర్లో కింద అంతస్తులో నా ఉద్యోగం. చేరడానికి వచ్చిన పిల్లల ఫారాలు నింపిపెట్టడం. ఆ పని తప్పుల్లేకుండా చేస్తానని నాకు పేరు. నేను చేసిన పాపం కూడా ఆ పేరు వల్లే నా చేతికొచ్చింది.

నా చెల్లెలికి పదో తరగతిలో ఫిట్స్ మొదలయ్యాయి. మొదటిసారి పంజగుట్ట చౌరస్తా దగ్గర, షేర్ ఆటోలో, నా ఒళ్లోనే పడిపోయింది. డాక్టరు రోజుకు రెండు గోలీలు రాసి, ఎవరు చెప్పినా మానొద్దన్నాడు. పస్తులుండొద్దు, నిద్ర చెడగొట్టుకోవద్దు, పొయ్యి దగ్గరా నీళ్ల దగ్గరా ఒంటరిగా వదలొద్దు, స్నానాలగదికి గడియ పెట్టుకోనివ్వొద్దు అన్నాడు. నాన్న ఎర్రమంజిల్‌లో ఒక ఆఫీసులో అటెండరు. ఆ సాయంత్రమే ఆఫీసు నుంచి స్క్రూడ్రైవర్ తెచ్చి, ఎస్.ఆర్. నగర్‌లోని మా రెండు గదుల ఇంట్లో ఆ గడియ ఊడదీశాడు. తలుపుకు నాలుగు చిల్లులు మిగిలాయి.

ఆ తర్వాత ఏడాదిన్నర పాటు ఫిట్స్ రాలేదు. గోలీలు వేసుకుంటోంది కాబట్టి రాలేదు. నాన్నకు మాత్రం సంతోషం ఆగలేదు. ఒక ఆదివారం సాక్ష్యాల సమయంలో మైకు తీసుకున్నాడు.

"నా బిడ్డకు ఫిట్స్ వస్తుండె. ప్రభువు ముట్టిండు. ఇప్పుడు ఒక్క గోలీ సుత లేదు."

ఆ చివరి మాట ఆయన ఇంట్లో అనుకుని వచ్చింది కాదు. చప్పట్ల ఊపులో నోరు జారింది. హాలంతా హల్లెలూయ అంది, పాస్టరుగారు కళ్లు తుడుచుకున్నారు, మేమూ ఆమెన్ అన్నాం. మర్నాడు సోమవారం నాన్న నెలకు సరిపడా గోలీలు తెచ్చి వంటింట్లో పప్పు డబ్బాల వెనక పెట్టాడు. అంతకుముందు మా వీధి చివర షాపులోనే కొనేవాడు. ఆ రోజు నుంచి పంజగుట్టలో కొంటున్నాడు, సంఘం వాళ్ల కంట పడకుండా.

ఒకసారి చెప్పిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకోవడం మా దగ్గర లేదు. స్వస్థత పొందిన పిల్ల అని నా చెల్లెలి సంగతి పక్క సంఘాల దాకా పోయింది. అందుకే రెండేళ్ల కిందట విదేశీ పరిచర్యకు పిలుపు కూడా ఆమెకే వచ్చింది. ఆఫ్రికాలో ఒక దేశం, ఒక ఏడాది. పాస్టరుగారు ఆమె పేరు చదువుతుంటే అమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఇంటికొచ్చాక చెల్లెల్ని అడిగాను, నిజంగా పోతావా అని.

"ఎందుకు పోవద్దక్కా? ఇప్పటిదాక నాకు ఎవ్వరన్నా ఒక్క పని అప్పజెప్పిండ్రా? ఇంట్ల చాయ్ పెట్టుకోనీకి సుత పక్కన మనిషి ఉండాలె" అంది.

వెళ్లేవాళ్ల ఫారం నింపే పని ఎలాగూ నాదే. ఫిట్స్ ఉన్నాయా అని అడిగిన చోట నా పెన్ను ఆగింది. ఎదురుగా నాన్న చాయ్ తాగుతున్నాడు.

"ఏం రాయాలె నాన్నా?"

ఆయన కప్పు కింద పెట్టాడు. "మనం అందరి ముందల ఏం చెప్పినమో గదే రాయి బిడ్డా."

లేవు అని రాశాను. కొట్టివేతలు లేకుండా, ముత్యాల్లాంటి అక్షరాలతో.

పంపే రోజున మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. వెళ్లే మనిషిని కుర్చీలో కూర్చోబెడతారు. ఇంటివాళ్లంతా ఆ తల మీద చేతులుంచాలి. మనస్ఫూర్తిగా దేవుడికి అప్పజెబుతున్నారని దానికి అర్థం. ఒక్క చెయ్యి తక్కువైనా ప్రార్థన మొదలుకాదు. నాన్న ఉంచాడు, అమ్మ ఉంచింది, నేనూ ఉంచాను. నా అరచేతి కింద దాని తల వెచ్చగా ఉంది. ఈ తల ఎక్కడ, దేని మీద పడుతుందో అని ప్రార్థన జరిగినంతసేపూ ఒకటే ఆలోచన. ఆమెన్ మాత్రం అందరికంటే గట్టిగా అన్నాను.

పెట్టెలో ఆరు నెలల గోలీలు మేజోళ్లలో చుట్టి పెట్టాం. మిగతావి ఎట్లనన్న పంపుదాం అన్నాడు నాన్న. పంపే దారి దొరకలేదు. ఆదివారం మధ్యాహ్నం ఆమె వీడియో కాల్ చేసేది. పక్కనే జోడీగా పనిచేసే సహోదరి ఉండేది కాబట్టి గోలీల మాట ఎత్తే వీల్లేదు. మూడు రోజుల ఉపవాసం చేశామని నవ్వుతూ చెప్పేది. ఒకసారి ఫోటో పంపింది: బాప్తిస్మం తీసుకునే ఆడవాళ్లకు తోడుగా, నడుము లోతు నదిలో నిలబడి ఉంది. అమ్మ ఆ ఫోటో ఒక్కసారి చూసి ఫోన్ బోర్లా పెట్టేసింది. నేను మాత్రం ఆఫీసులో రోజుకు పదిసార్లు తీసి చూసేదాన్ని, నీళ్లు ఎంత లోతో అంచనా వేస్తూ.

ఏడో నెలలో తిరిగి పంపేశారు. వంట చేస్తూ పొయ్యి మీద పడిందట. ఉపవాసంతో కళ్లు తిరిగాయని అక్కడివాళ్లు అనుకున్నారు. కుడిచెయ్యి మణికట్టు నుంచి వేళ్ల దాకా కాలిపోయింది. ఎయిర్‌పోర్టులో ఆ కట్టు చూసి నేను నా మొహం మీద కొట్టుకున్నాను. చెల్లెలే నన్ను ఓదార్చింది.

వచ్చిన వారమే ఆమెను సాక్ష్యం చెప్పమన్నారు. కట్టు కట్టిన చెయ్యి పైకెత్తి, దేవుడు నన్ను అగ్నిలోంచి తప్పించాడు అంది. హాలు హల్లెలూయతో దద్దరిల్లింది. అలవాటు చెడ్డది, నేనూ ఆమెన్ అన్నాను. మర్నాడు సోమవారం నాన్న పంజగుట్ట నుంచి గోలీలు తెచ్చాడు.

ఈ ఏడాది రెండో పిలుపు వచ్చింది. ఈసారి ఫారంలో ఉన్నాయి అని రాసి, నాన్నకు చూపించకుండా చెల్లెలి చేతిలోనే పెట్టాను. ఆమె చదివి, మడిచి, మంచిదక్కా అంది. నాలుగు రోజుల తర్వాత పాస్టరుగారు స్పెల్లింగులు సరిచూడమని ఆ ఫారం నాకిచ్చారు. అది నేను రాసింది కాదు. సరిగ్గా మడతపడని వేళ్లతో రాసిన వంకర అక్షరాలు. ఆ ప్రశ్న ఎదురుగా, లేవు.

పంపే ఆదివారం వచ్చింది. కుర్చీలో చెల్లెలు, తల మీద నాన్న చెయ్యి, అమ్మ చెయ్యి. నా చేతులు నా ఒళ్లోనే ఉన్నాయి.

"అమ్మా, నీ చెయ్యి" అన్నారు పాస్టరుగారు నాతో.

"పెట్టను అయ్యగారూ. ఆమెకు ఫిట్స్ ఉన్నయి. ఎప్పుడూ తగ్గలే. ఇయ్యాల పొద్దున సుత గోలీ ఏసుకుంది."

నాన్న నా వైపు చూడలేదు. "దీనికి దిమాక్ ఖరాబైంది అయ్యగారూ" అన్నాడు. అమ్మ ఏడుస్తోంది, కానీ చెయ్యి తియ్యలేదు. చెల్లెలు మాత్రం నన్నే చూస్తూ నెమ్మదిగా చెప్పింది.

"అక్కకు నేను పోవుడు ఇష్టం లేదయ్యగారూ. మొదటిసారి నుంచి గంతే. నేను ఏ గోలీలు ఏసుకుంటలేను."

ఒక చెయ్యి తక్కువైంది కాబట్టి ప్రయాణం ఆగిపోయింది. ఓర్వలేక చెప్పానని సంఘంలో అనుకుంటున్నారు. అననీ. నా చెల్లెలు ఇంట్లో ఉంది, అది చాలు అనుకున్నాను.

మర్నాడు సోమవారం నాన్న వట్టి చేతులతో వచ్చాడు. గోలీలేవి అని అడిగితే, పాతవే ఉన్నయన్నాడు. వంటింట్లో పప్పు డబ్బాల వెనక వెతికాను. గోలీల అట్టలో ఆదివారం పొద్దున ఖాళీ అయిన గుంట తర్వాత ఒక్కటీ చిట్లలేదు. ఆ మర్నాడూ అంతే. అమ్మ బతిమాలితే చెల్లెలు విననట్టే ఉంది. నేను చెప్పింది అబద్ధమని, నాన్న చెప్పింది నిజమని చూపించడానికి ఆమెకు మిగిలిన దారి అదొక్కటే, అది ఎంచుకుంది.

నాతో మాట్లాడదు. నిన్న కార్పెంటర్ని పిలిపించి, నాన్న ఊడదీసిన చోటే, ఆ నాలుగు చిల్లుల్లోనే, స్నానాలగదికి కొత్త గడియ బిగించుకుంది. ఈ రోజు పొద్దున లోపలికి వెళ్లి గడియ పెట్టుకుంది. బకెట్లో నీళ్లు పడే చప్పుడు ఆగేదాకా నేను ఆఫీసుకు వెళ్లకుండా ఆ తలుపు బయటే నిలబడ్డాను. చప్పుడు ఆగింది. గడియ ఇంకా తీయలేదు.