మా సున్నం మీద నడిచిన కాలువ

కొత్త కాలువకు నీళ్లు వదులుతున్నారు, తప్పక రమ్మని మల్లయ్య మేస్త్రి కబురంపాడు. వాగు మీద ఆయన కట్టిన అక్విడక్టుకు సున్నం తోలింది కరీంనగర్‌లోని మా దుకాణమే. దండ వేసి పప్పన్నం పెడతారనుకుని ఇస్త్రీ ధోవతి కట్టాను.

ఆరింటి బస్సు ఆరున్నరకు 'టైముకే' కదిలింది. జగిత్యాల మీదుగా గోదావరి ఒడ్డు చేరేసరికి పదిన్నర. పడవవాడు నాలుగణాలన్నాడు. రెండుకు దింపి, నా తెలివికి నేనే మురిసిపోయాను. అవతల మోకాలిలోతు నీళ్లలోనే పడవ ఆపాడు.

"దిగు సేటూ. రెండణాలకు గీడిదాకనే."

ఇస్త్రీ అక్కడితో సరి.

ఎడ్లబండిలో రెండు కోసులు. పన్నెండున్నరకు వాగు చేరాను. చూడబోయేవారు సద్ది కట్టుకుపోండి; అక్కడ దొరికేది ఎండ ఒక్కటే. కింద వాగు, దానిమీద ఐదు కమాన్లు, వాటిమీద రాతి తొట్టిలాంటి కాలువ. కాలువను వాగులో కలిపితే మొదటి వరదకే కొట్టుకుపోతుంది. అందుకే మీది నీళ్లు మీదే, కింది నీళ్లు కిందే. వెనుకటి రైతులు తాటిమొద్దు తొలిచి, ఒర్రెలాంటి చిన్న వాగు మీద దోనె వేసి మడికి నీళ్లు పారించేవారు. సర్కారు ఆ దోనెనే రాతితో కట్టి, ఇంగ్లీషు పేరు పెట్టి, శిలాఫలకం వేసుకుంది.

మల్లయ్య నన్ను నడిమి కమాను కిందికి లాక్కుపోయాడు.

"నీళ్లు మీదికెల్లి పోయేదాక కట్టినోడు కింద నిలవడాలె సేటూ. మా తాత కాన్నుంచి గంతే. సున్నమిచ్చినోడు సుత నిలవడితె ఊరోళ్లకు నమ్మకం."

"అంచు కమానుతో సరిపెట్టుకోరాదా?" అని బేరమాడాను.

గట్టు మీది ముసలమ్మ వింది. ఆమె పొలం వాగుకు అవతల. ఈ కాలువ నిలిస్తేనే ఈ ఏడు నాటు.

"ఏం సేటూ, నీ సున్నం మీద నీకే నమ్మకం లేదా?"

ఇక కదిలితే మూడు తరాల దుకాణం పేరు గంగపాలు. నిలబడ్డాను.

పైన నీళ్ల హోరు. కమాను సందులోంచి ఒక చుక్క నా మెడ మీద పడింది. నా కాళ్లకు అంత వేగముందని అప్పుడే తెలిసింది. దూరంగా ఆగి చూస్తే కమాన్లు నిలిచే ఉన్నాయి, మల్లయ్యా నిలిచే ఉన్నాడు.

"కొత్త సున్నం నాలుగొద్దులు చెమరుస్తది! తర్వాత అదే పూడుకుంటది!" అని అరిచాడు. అవతల నీళ్లు పారుతున్నాయి. ముసలమ్మకు నన్ను చూసి నవ్వే తీరిక కూడా లేదు. పార పట్టుకుని ఉరికింది.

తిరుగు పడవకు అడక్కుండానే నాలుగణాలిచ్చాను. సాయంత్రం బస్సులో పక్కనున్న రైతు కథ మొదలుపెట్టాడు. "పడవల విన్న. కాలువ మస్తు గట్టిగున్నదట. సున్నమమ్మిన సేటే ఉరికిండట! గాయిన దుకాణం యాడనో తెలిస్తే బాగుండు, ఇల్లు కట్టాలె."

చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే గిరాకీ పోతుంది. జగిత్యాల దాటేదాకా ఆలోచించి, ఆ దుకాణం మాదేనని చెప్పాను.

రైతు నన్ను కిందినుంచి మీదిదాకా చూశాడు. "అయితే జర తగ్గియ్యి సేటూ," అన్నాడు, "ఉరికినందుకు."

తగ్గించాను.